లేఆఫ్‌లు ఏ నెలవి, ఏ ఊరివి? టెక్సాస్ నోటీసుల లెక్క మీరే తీసుకునే పద్ధతి

అమెరికాలో ఉన్న మనకు ఇంటి నుంచి ఫోన్ వస్తుంది. "ఆరు వేల మందిని తీసేశారంట, టీవీలో చెప్తున్నారు. మీ దగ్గర ఎలా ఉంది?" అని అడుగుతారు. మన దగ్గర సరైన జవాబు ఉండదు. ఆ ఆరు వేలు ప్రపంచం మొత్తం మీదా, మన ఊళ్లోనా? ఇప్పటికే తీసేశారా, రెండు నెలల తర్వాత తీసేస్తారా? హెడ్‌లైన్‌లో ఇవేవీ ఉండవు. 2025 మేలో మైక్రోసాఫ్ట్ దాదాపు 6,000 మందిని తగ్గించుకుంటోందని వార్త వచ్చినప్పుడు వాషింగ్టన్ రాష్ట్రానికి ఇచ్చిన నోటీసులో ఉన్నది 1,985 మంది. మిగతావాళ్లు వేరే రాష్ట్రాల్లో, వేరే దేశాల్లో ఉన్నవాళ్లు. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో కూర్చున్న మనిషికి ఆ వార్త ఎంతవరకు తగులుతుందో తెలియాలంటే టెక్సాస్ దగ్గరున్న లేఆఫ్ నోటీసుల జాబితా తెరవాలి.

ఆ జాబితా అందరికీ అందుబాటులో ఉంది, పైసా ఖర్చు లేదు. ఎక్సెల్ కాస్త తెలిస్తే మొదటిసారి ఒక ఆదివారం పడుతుంది, ఆ తర్వాత నెలకు గంట చాలు. నేను టెక్సాస్‌ను పట్టుకుని చెబుతాను. మీరు వేరే రాష్ట్రంలో ఉంటే ఏం మార్చుకోవాలో మధ్యలో వస్తుంది.

ముందు చట్టం సంగతి

అమెరికాలో వార్న్ చట్టం 1988లో వచ్చింది, 1989 ఫిబ్రవరి 4 నుంచి అమల్లో ఉంది. 100 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ పెద్ద ఎత్తున మనుషుల్ని తీసేసే ముందు 60 రోజుల నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు ఉద్యోగులకు గానీ వాళ్ల యూనియన్‌కు గానీ, రాష్ట్రానికి, స్థానిక ప్రభుత్వ పెద్దకు వెళ్లాలి. రాష్ట్రానికి వెళ్లిన కాపీల జాబితానే మనం చూడబోయేది.

"పెద్ద ఎత్తున" అనేదానికి లెక్క ఉంది. ఒక ఆఫీసో ప్లాంటో మూతపడి 30 రోజుల్లో 50 మంది, అంతకు మించి ఉద్యోగాలు పోతే నోటీసు తప్పనిసరి. మూతపడకుండా మనుషుల్ని మాత్రమే తగ్గిస్తే ఆ ఒక్క చోట 500 మంది అయినా పోవాలి, లేదా 50 నుంచి 499 మంది పోయి వాళ్లు అక్కడి సిబ్బందిలో కనీసం మూడో వంతు అయినా కావాలి. 100 మందిని లెక్కపెట్టేటప్పుడు పార్ట్‌టైమ్ వాళ్లను కలపరు.

ఈ మూడో వంతు నిబంధనను గుర్తుపెట్టుకోండి. రెండు వేల మంది ఉన్న క్యాంపస్‌లో 300 మందిని తీసేస్తే ఫెడరల్ చట్టం ప్రకారం నోటీసు అక్కర్లేదు. మీ పక్క క్యూబికల్ ఖాళీ అయినా జాబితాలో మీ కంపెనీ పేరు కనిపించకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

టెక్సాస్‌కు సొంత వార్న్ చట్టం లేదు, ఫెడరల్ చట్టమే. కాలిఫోర్నియాలో 75 మంది ఉన్న సంస్థకూ చట్టం వర్తిస్తుంది, మూడో వంతు మెలిక లేకుండా 50 మందికే నోటీసు ఇవ్వాలి. న్యూయార్క్‌లో 50 మంది ఉద్యోగులు చాలు, గడువు 90 రోజులు. న్యూజెర్సీలో 2023 ఏప్రిల్ 10 నుంచి 90 రోజుల నోటీసుతో పాటు సర్వీసు చేసిన ప్రతి ఏడాదికి ఒక వారం జీతం చొప్పున సెవరెన్స్ (ఉద్యోగం తీసేస్తూ ఇచ్చే పరిహారం) కూడా తప్పనిసరి. వాషింగ్టన్ రాష్ట్రం 2025 జూలై 27 నుంచి 50 మంది హద్దుతో సొంత చట్టం తెచ్చుకుంది. అందుకే "కాలిఫోర్నియాలో ఇన్ని నోటీసులు, టెక్సాస్‌లో అందులో సగమే, కాబట్టి టెక్సాస్ నయం" అనే పోస్టు కనిపిస్తే పట్టించుకోకండి. రెండు వేర్వేరు జల్లెడలు పట్టి, కింద పడ్డ పిండిని పోల్చినట్టు ఉంటుంది అది.

మొదటి మెట్టు: "ఏ నెల" అన్నది తేల్చుకోవడం

చాలామంది జారిపడేది ఇక్కడే. కాబట్టి కాసేపు ఆగుదాం.

ఒక లేఆఫ్‌కు కనీసం మూడు తేదీలుంటాయి. నోటీసు ఇచ్చిన తేదీ. ఉద్యోగంలో ఆఖరి రోజు. ఆ మనిషి నిరుద్యోగ భృతికి దరఖాస్తు పెట్టుకున్న వారం. వార్తలు మొదటిదాన్ని పట్టుకుంటాయి. లేబర్ డిపార్ట్‌మెంట్ సర్వేలు రెండోదాన్ని పట్టుకుంటాయి. ప్రతి గురువారం వచ్చే క్లెయిమ్స్ (భృతి దరఖాస్తుల) లెక్క మూడోదాన్ని పట్టుకుంటుంది. ఒకే సంఘటన మూడు వేర్వేరు నెలల్లో కనబడుతుంది.

ట్విట్టర్ సంగతే చూడండి. 2022 నవంబర్ 4న మెయిళ్లు వెళ్లాయి. కాలిఫోర్నియాకు ఇచ్చిన నోటీసుల్లో 983 మంది ఉన్నారు. వాళ్ల ఉద్యోగం అధికారికంగా ముగిసింది 2023 జనవరి 4న. జనానికి అది నవంబర్ లేఆఫ్. ఉద్యోగాల లెక్కలో జనవరి లేఆఫ్. మధ్యలో రెండు నెలలు లాప్‌టాప్ పనిచేయదు, జీతం మాత్రం వస్తుంది. ఆ తర్వాత సెవరెన్స్ ఉంటే భృతి దరఖాస్తు ఇంకా వెనక్కి జరగొచ్చు. టెక్సాస్‌లోనూ సెవరెన్స్ వల్ల భృతి మొదలవడం ఆలస్యమయ్యే సందర్భాలున్నాయి.

టెక్సాస్‌లో ఇలాంటిదే టెస్లా నోటీసు. 2024 ఏప్రిల్‌లో ఇచ్చారు, ఆస్టిన్‌లో 2,688 మంది, అమలు జూన్ 14 నుంచి. నోటీసు తేదీతో పట్టిక వేస్తే ఆస్టిన్ ఉన్న ట్రావిస్ కౌంటీకి ఏప్రిల్ కొండలా లేస్తుంది, లేఆఫ్ తేదీతో వేస్తే జూన్ లేస్తుంది. రెండూ నిజమే, జవాబిచ్చే ప్రశ్నలు వేరు. "కంపెనీలు ఎప్పుడు భయపడ్డాయి?" అన్నదానికి నోటీసు తేదీ జవాబు. "మార్కెట్‌లోకి రెజ్యూమేలు ఎప్పుడు వచ్చి పడతాయి?" అన్నదానికి లేఆఫ్ తేదీ జవాబు. ఉద్యోగం వెతుక్కునేవాడికి రెండోదే ముఖ్యమని నా అభిప్రాయం. నా షీటులో రెండు నెలల కాలమ్‌లూ ఉంచుతాను, పట్టికలు కూడా విడివిడిగా వేస్తాను. ఒకే గ్రాఫ్‌లో రెండూ కలిపితే నాకే అయోమయంగా ఉంటుంది.

ఒక మినహాయింపు ఉంది. ముందుగా ఊహించలేని పరిస్థితి వస్తే 60 రోజుల గడువు తగ్గించుకునే వీలు చట్టంలోనే ఉంది. 2020 మార్చి, ఏప్రిల్‌లలో హోటళ్లు, రెస్టారెంట్లు, ఎయిర్‌పోర్టు కాంట్రాక్టర్లు ఇచ్చిన నోటీసులు చూస్తే నోటీసు తేదీ, లేఆఫ్ తేదీ ఒకటే ఉంటాయి, కొన్నిటిలో లేఆఫే ముందు ఉంటుంది. కాబట్టి మీ షీటులో రెండు తేదీల మధ్య రోజులు లెక్కపెట్టే కాలమ్ ఒకటి పెట్టుకోండి. మామూలు రోజుల్లో అది 60 చుట్టూ తిరుగుతుంది. ఒక రంగంలో వరుసగా 10, 5, 0 కనిపిస్తుంటే ఆ రంగానికి దెబ్బ హఠాత్తుగా తగిలిందన్నమాట.

రెండో మెట్టు: జాబితా దించుకోవడం, కడగడం

టెక్సాస్ వర్క్‌ఫోర్స్ కమిషన్ సైట్‌లో వార్న్ నోటీసుల పేజీ ఉంటుంది. ఏడాదికో ఎక్సెల్ ఫైలు. నోటీసు తేదీ, పని చోటు పేరు, కౌంటీ, వర్క్‌ఫోర్స్ ఏరియా (ఉద్యోగ సేవల కోసం రాష్ట్రం చేసుకున్న కౌంటీల విభజన), నగరం, ఎంతమంది, లేఆఫ్ తేదీ, కమిషన్‌కు అందిన తేదీ ఉంటాయి. పరిశ్రమ ఏదన్నది ఉండదు. ఆ పని మనమే చేసుకోవాలి.

కనీసం మూడేళ్ల ఫైళ్లు దించండి. ఒక్క ఏడాదితో ట్రెండ్ చెప్పలేం, ఎందుకో తర్వాత వస్తుంది. అన్నీ ఒకే షీటులో కింద కింద అతికించండి. కాలమ్ పేర్లు, వాటి వరుస ఏడాదికో తీరుగా ఉంటే ముందు వాటిని సరిచేసుకోండి.

కడగడంలో మూడు పనులున్నాయి. మొదటిది, ఒకే నోటీసు రెండుసార్లు రావడం. కంపెనీ ముందు 120 మంది అని చెప్పి, మూడు వారాలకు సవరించి 140 అని పంపుతుంది. రెండూ కలిపితే 260 అవుతుంది, అది తప్పు. కంపెనీ, నగరం ఒకటై, నోటీసు తేదీలు దగ్గర దగ్గరగా ఉన్న వరుసలను పక్కపక్కన పెట్టి కంటితోనే చూడండి. ఫార్ములాకు వదిలేస్తే, నిజంగా రెండు విడతలుగా తీసేసిన కంపెనీని కూడా అది డూప్లికేట్ అని కొట్టేస్తుంది. మొదట్లో నేను అదే చేశాను. ఒక గోదాము రెండో విడత మొత్తం నా లెక్కలోంచి ఎగిరిపోయింది, రెండు నెలల తర్వాత గానీ పట్టుకోలేదు.

రెండోది, పేర్ల తేడాలు. ఒకే కంపెనీ ఒకచోట "ఇంక్" తోకతో, ఒకచోట "ఎల్‌ఎల్‌సీ" తోకతో, ఇంకోచోట మాతృసంస్థ పేరుతో ఉంటుంది. మీరు శుభ్రం చేసిన పేరుకు విడిగా ఒక కాలమ్ పెట్టండి, అసలు పేరును మాత్రం చెరపకండి.

మూడోది సంఖ్య ఖాళీగా ఉన్న వరుసలు. వాటిని సున్నాగా లెక్కపెట్టకుండా ఖాళీగానే వదిలి, నోటీసుల సంఖ్యలో మాత్రం కలపండి.

ఇంకొక మాట. నోటీసులో ఉన్న సంఖ్య గరిష్ఠం మాత్రమే. కొందరికి అదే కంపెనీలో వేరే పని దొరుకుతుంది, ఒక్కోసారి నోటీసే వెనక్కి తీసుకుంటారు. కాంట్రాక్టు చేతులు మారినప్పుడు ఇది బాగా కనిపిస్తుంది. ఒక క్యాంపస్‌లో క్యాంటీన్ నడిపే కాంట్రాక్టర్ మారితే పాత కాంట్రాక్టర్ 150 మందికి నోటీసు ఇస్తాడు. వాళ్లలో చాలామందిని కొత్త కాంట్రాక్టర్ మర్నాడే చేర్చుకోవచ్చు. మిలిటరీ బేస్‌లు, ఎయిర్‌పోర్టులు, ఆసుపత్రుల్లో పనిచేసే కాంట్రాక్టర్లదీ ఇదే కథ. స్థానిక పత్రికల్లో "కాంట్రాక్టు ముగింపు" అని కనిపిస్తే ఆ వరుసకు ఒక గుర్తు పెట్టుకోండి. మొత్తంలో కలపాలా వద్దా అన్నది తర్వాత నిర్ణయించుకోవచ్చు.

మూడో మెట్టు: పరిశ్రమ పేరు అంటించడం

మనవాళ్లు "ఐటీ లేఆఫ్‌లు" అనేస్తారు. ప్రభుత్వ లెక్కల్లో ఐటీ అనే పరిశ్రమే లేదు. అమెరికా, కెనడా, మెక్సికో వాడే నైక్స్ అనే పరిశ్రమ కోడ్‌లలో మనం ఐటీ అనుకునేది నాలుగైదు చోట్ల చెదిరిపోయి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీలు, సెర్చ్, సోషల్ మీడియా కంపెనీలు, టెలికాం, డేటా సెంటర్లు 51లో ఉంటాయి. దాని పేరు ఇన్ఫర్మేషన్. సినిమాలు, పత్రికలు కూడా అందులోనే. కంప్యూటర్ సర్వీసులు, అంటే మన కన్సల్టింగ్ కంపెనీలు 54లో ఉంటాయి. పక్కనే లాయర్లు, ఆడిటర్లు కూర్చుంటారు. చిప్ తయారుచేసే కంపెనీ 334, అది తయారీ రంగం. స్టాఫింగ్ ఏజెన్సీ 56లో. పెద్ద కంపెనీ హెడ్డాఫీసు 55లో.

పైగా కోడ్ కంపెనీకి ఇచ్చేది కాదు, పని జరిగే చోటుకు ఇచ్చేది. ఒకే ఆన్‌లైన్ రిటైల్ కంపెనీ గోదాము 493లో, డెలివరీ స్టేషన్ 492లో పడవచ్చు. అందుకే కంపెనీ పేరు చూసి కోడ్ వేయకండి. నోటీసులో చిరునామా ఉంటే ఆ చిరునామాలో ఏం జరుగుతుందో మ్యాప్‌లో చూసి వేయండి. టెస్లా నోటీసును "టెక్"లో వేయాలని చాలామందికి అనిపిస్తుంది. ఆస్టిన్‌లో ఉన్నది కార్ల ఫ్యాక్టరీ, కోడ్ 336.

నేను చేసేదేమిటంటే, రెండు కాలమ్‌లు పెడతాను. ఒకదాంట్లో రెండంకెల నైక్స్ కోడ్. రెండోదాంట్లో నాకు పనికొచ్చే సొంత గుంపు: టెక్, ఆయిల్ అండ్ గ్యాస్, గోదాము-రవాణా, బ్యాంకులు-ఇంటి రుణాలు, ఆసుపత్రులు, రిటైల్-రెస్టారెంట్లు, తయారీ, మిగతావి. ప్రభుత్వ లెక్కలతో పోల్చడానికి మొదటిది కావాలి, మాట్లాడుకోవడానికి రెండోది. రెండోదాన్ని ఒకసారి నిర్ణయించుకున్నాక మధ్యలో మార్చకండి. మార్చితే పాత నెలలన్నీ మళ్లీ వేయాలి, అప్పుడు ఎవరూ వేయరు.

కాలిఫోర్నియా వాళ్లకు ఈ శ్రమ కొంత తప్పుతుంది. అక్కడి ఎంప్లాయ్‌మెంట్ డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ జాబితాలో పరిశ్రమ కాలమ్ ఉంటుంది, మూసివేతా తగ్గింపా అన్నది కూడా ఉంటుంది. కాకపోతే వాళ్ల ఏడాది జూలై నుంచి జూన్ దాకా. రెండు ఫైళ్లు కలపకపోతే జనవరి నుంచి డిసెంబర్ చిత్రం రాదు.

నాలుగో మెట్టు: ప్రాంతం

టెక్సాస్‌లో 254 కౌంటీలు, 28 వర్క్‌ఫోర్స్ ఏరియాలు. ఫైలులో ఏరియా పేరు ఉంది కదా అని దాంతోనే పట్టిక వేస్తే బోల్తా పడతారు.

డాలస్-ఫోర్ట్‌వర్త్‌నే చూడండి. డాలస్ కౌంటీ ఒక ఏరియా, టారంట్ కౌంటీ ఇంకో ఏరియా. ఫ్రిస్కో, ప్లేనో ఉన్న కాలిన్, డెంటన్ కౌంటీలు "నార్త్ సెంట్రల్" అనే మూడో ఏరియాలోకి వెళ్తాయి. ఆ నార్త్ సెంట్రల్‌లో 14 కౌంటీలు. ఒక కొసన ఫ్రిస్కో ఆఫీసు టవర్లు, ఇంకో కొసన పాలో పింటో, ఎరాత్ లాంటి పల్లె కౌంటీలు. అర్వింగ్ డాలస్ కౌంటీలో ఉంది కాబట్టి వేరే ఏరియా. ఒకే ట్రాఫిక్‌లో రోజూ చిక్కుకునే జనం మూడు ముక్కలయ్యారు.

ఆస్టిన్ ఇంకా విచిత్రం. ట్రావిస్ కౌంటీ ఒక్కటే "క్యాపిటల్ ఏరియా." డెల్ హెడ్డాఫీసు ఉన్న రౌండ్‌రాక్, పక్కనే సీడర్‌పార్క్ విలియమ్‌సన్ కౌంటీలో ఉన్నాయి, అది "రూరల్ క్యాపిటల్" కింద వస్తుంది. పేరు చూసి రూరల్ కదా అని వదిలేస్తే ఆస్టిన్ టెక్‌లో పెద్ద ముక్క పోతుంది.

కాబట్టి కౌంటీ కాలమ్ పట్టుకుని, సెన్సస్ వాళ్లు వాడే మెట్రో హద్దులతో మీరే గుంపులు కట్టండి. డాలస్-ఫోర్ట్‌వర్త్ మెట్రోలో 11 కౌంటీలు: కాలిన్, డాలస్, డెంటన్, ఎల్లిస్, హంట్, కాఫ్‌మన్, రాక్‌వాల్, జాన్సన్, పార్కర్, టారంట్, వైజ్. ఆస్టిన్ మెట్రోలో ఐదు: ట్రావిస్, విలియమ్‌సన్, హేస్, బాస్ట్రాప్, కాల్డ్‌వెల్. హ్యూస్టన్, శాన్ ఆంటోనియో, మిడ్‌ల్యాండ్-ఒడెస్సాలకు కూడా ఇలాగే చేసి, మిగిలినవన్నీ "మిగతా టెక్సాస్" అనండి. ఈ కౌంటీ-మెట్రో జోడీల చిన్న పట్టిక విడిగా ఒక షీటులో ఉంచి, లుకప్ ఫార్ములాతో లాగితే ప్రతి నెలా మళ్లీ చేయక్కర్లేదు.

మిడ్‌ల్యాండ్-ఒడెస్సాను విడిగా పెట్టమనడానికి కారణం ఆయిల్. ఆ ఊళ్లు రాష్ట్రంతో కలిసి నడవవు, పీపా ధరతో నడుస్తాయి. 2020 ఏప్రిల్ 20న అమెరికా క్రూడ్ ధర మైనస్ 37.63 డాలర్లకు పడింది. అలాంటి నెలలో ఆ ఊళ్లున్న చమురు ప్రాంతం పెర్మియన్ బేసిన్ పరిస్థితి చూసి ఫ్రిస్కో ఉద్యోగాల గురించి ఏమీ చెప్పలేం. వెనక్కి తిప్పినా అంతే.

రిమోట్ ఉద్యోగులది ఇంకో మెలిక. మనిషి ఉండేది ఆస్టిన్ పక్కనున్న లియాండర్‌లో, రిపోర్ట్ చేసేది కాలిఫోర్నియా ఆఫీసుకు. అతని పేరు సాధారణంగా ఆ ఆఫీసు లెక్కలోనే ఉంటుంది. దీనికి నా దగ్గర పరిష్కారం లేదు, గుర్తుంచుకోవడం తప్ప.

ఐదో మెట్టు: పట్టిక వేశాక దాన్ని అనుమానించడం

పివట్ టేబుల్‌లో నెలలు అడ్డంగా, పరిశ్రమ గుంపులు నిలువుగా పెట్టండి. రెండో పట్టికలో పరిశ్రమల స్థానంలో మెట్రోలు. విలువలుగా రెండు తీసుకోండి: ఎంతమంది, ఎన్ని నోటీసులు. నోటీసుల సంఖ్యను చాలామంది వదిలేస్తారు. నా దృష్టిలో ట్రెండ్ చెప్పేది ఎక్కువగా అదే.

ఎందుకో ఒక ఊహా లెక్కతో చూద్దాం. మార్చిలో 3,100 మంది, ఏప్రిల్‌లో 6,000 మంది అనుకోండి. రెట్టింపు అయిందని గుండె జారుతుంది. ఏప్రిల్‌లోని అతిపెద్ద నోటీసు ఒక్కటే 2,700 అయితే, అది తీసేశాక మిగిలేది 3,300. అంటే ఒక ఫ్యాక్టరీకి ఏదో అయింది, రాష్ట్రం ఉన్నచోటే ఉంది. అదే ఏప్రిల్‌లో నోటీసుల సంఖ్య 25 నుంచి 50కి పెరిగి ఉంటే కథ వేరు. చాలా కంపెనీలు ఒకేసారి అదే నిర్ణయానికి వచ్చాయన్నమాట, మనుషుల మొత్తం పెద్దగా పెరగకపోయినా అది కలవరపెట్టే సంగతే. ప్రతి నెలా "పెద్దది తీసేసి చూడటం" అనే వరుస ఒకటి పట్టిక కింద పెట్టుకోండి.

తర్వాత మూడు నెలల సగటు. ఒక్కో నెల ఎగిరెగిరి పడుతుంది కాబట్టి సగటు గీతనే చూడండి. దాన్ని కిందటి నెలతో కాకుండా కిందటేడాది అదే నెలతో పోల్చండి. జనవరిలో ఎక్కువగా ఉండటం మామూలే. కొత్త బడ్జెట్లు మొదలవుతాయి. డిసెంబర్‌తో పోల్చి జనవరిలో ఉపద్రవం అనడం, ఎండాకాలంలో చలి తగ్గిందని ఆశ్చర్యపోవడం ఒకటే. మూడేళ్ల ఫైళ్లు దించమన్నది ఇందుకే.

ఇక ఊరి సైజు. 18 లక్షల ఉద్యోగాలున్న కౌంటీలో 900 మందికి నోటీసు వస్తే వెయ్యి ఉద్యోగాలకు 0.5. లక్ష ఉద్యోగాలున్న కౌంటీలో 300 మందికి వస్తే వెయ్యికి 3. వార్త మొదటిదాని గురించి వస్తుంది, దెబ్బ రెండోదానికి ఆరు రెట్లు గట్టిగా తగులుతుంది. కౌంటీ వారీగా, పరిశ్రమ వారీగా ఎన్ని ఉద్యోగాలున్నాయో బ్యూరో ఆఫ్ లేబర్ స్టాటిస్టిక్స్ మూడు నెలలకోసారి ఇస్తుంది. ఆ లెక్క ఐదారు నెలలు ఆలస్యంగా వస్తుంది కానీ, భాగించడానికి పాత సంఖ్య అయినా ఫర్వాలేదు.

ఆరో మెట్టు: వేరే లెక్కలతో సరిచూసుకోవడం

నోటీసుల జాబితా ఒక కిటికీ మాత్రమే. టెక్సాస్‌లో వ్యవసాయేతర ఉద్యోగాలు 1.4 కోట్ల వరకు ఉన్నాయి. లేఆఫ్‌లు, డిస్మిసల్స్ అన్నీ కలిపితే ఏ నెలైనా లక్ష దాటుతాయి. వార్న్ జాబితాలో మామూలు నెలలో కనిపించేవి కొన్ని వేలు. మిగతావన్నీ చిన్న కంపెనీలు, 50 లోపు తగ్గింపులు, ప్రాజెక్టు అయిపోయిన పనులు.

ఆ మిగతాదాన్ని చూడటానికి మొదట వారం వారం వచ్చే క్లెయిమ్స్. గురువారం ఉదయం, మన సెంట్రల్ టైమ్ 7:30కి వస్తాయి, రాష్ట్రాల వారీగా ఉంటాయి. వెయ్యికి మించి మార్పు వచ్చిన రాష్ట్రాలకు ఏ రంగంలో లేఆఫ్‌లు జరిగాయో ఆ రాష్ట్రమే రాసిన ఒక చిన్న వాక్యం ఉంటుంది, చాలామంది ఆ పేజీ దాకా వెళ్లరు. నాలుగు వారాల సగటు తీసుకోండి.

రెండోది, భృతి తీసుకుంటున్నవాళ్లు ఏ పరిశ్రమ నుంచి వచ్చారో నెలనెలా రాష్ట్రాల వారీగా చెప్పే లేబర్ డిపార్ట్‌మెంట్ నివేదిక. దాని పేరు ఈటీఏ 203. చూడ్డానికి పాతకాలం ఫారంలా ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. మీ షీటులో టెక్ నోటీసులు పెరిగిన రెండు మూడు నెలలకు ఇందులో 51, 54 వరుసలు కదిలాయా అని చూడండి. కదలకపోతే వాళ్లకు ఉద్యోగాలు త్వరగా దొరికి ఉండాలి, లేదా సెవరెన్స్ మీద ఉండాలి, లేదా భృతికి అర్హత లేనివాళ్లై ఉండాలి.

మూడోది జోల్ట్స్ సర్వే, ఖాళీలు, చేరికలు, లేఆఫ్‌లు ఎన్నో నెలనెలా అడిగేది. దేశం మొత్తం మీద దాదాపు 21,000 సంస్థలను అడుగుతారు. రాష్ట్ర స్థాయి అంకె దొరుకుతుంది కానీ రాష్ట్రం లోపల పరిశ్రమ వారీగా ఇవ్వరు. దాన్ని దిశ చూసుకోవడానికే వాడండి.

ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. మనం ఇంత కష్టపడి చేసుకుంటున్న పనిని ఒకప్పుడు ప్రభుత్వమే చేసేది. మాస్ లేఆఫ్ స్టాటిస్టిక్స్ అని, ఒక సంస్థ నుంచి ఐదు వారాల్లో 50 క్లెయిమ్‌లు వస్తే దాన్ని ఒక సంఘటనగా లెక్కపెట్టి నెలనెలా రాష్ట్రం, పరిశ్రమ వారీగా ప్రచురించేవాళ్లు. 2013లో బడ్జెట్ కోతల్లో ఆపేశారు.

ఛాలెంజర్ సంస్థ నెలనెలా ఇచ్చే నివేదికను వార్తల్లో ఎక్కువగా వాడతారు. అది కంపెనీలు ప్రకటించిన ఉద్యోగ కోతల లెక్క. ప్రకటించినవి జరగొచ్చు, జరగకపోవచ్చు. రాష్ట్రాల వారీ పట్టికను ఇంకా జాగ్రత్తగా చూడాలి. 2025 మార్చిలో ఆ నివేదిక 2,75,240 కోతలు చూపించింది. ఎక్కువ భాగం ఫెడరల్ ప్రభుత్వానివి, అవి వాషింగ్టన్ డీసీ ఖాతాలో పడ్డాయి. ఆ ఉద్యోగులు దేశమంతా ఉన్నారు, టెక్సాస్‌లోనూ ఉన్నారు. ఫెడరల్ శాఖలకు వార్న్ చట్టం వర్తించదు కాబట్టి మన జాబితాలోనూ వాళ్లు లేరు.

ఫెడరల్ లెక్కలు ఆగిపోయే రోజులూ ఉంటాయి. 2025 అక్టోబర్ 1 నుంచి నవంబర్ 12 దాకా ప్రభుత్వం మూతపడ్డప్పుడు నెలవారీ నివేదికలు ఆలస్యమయ్యాయి. వార్న్ జాబితాలు రాష్ట్రాల చేతిలో ఉంటాయి కాబట్టి వాటికి ఆ ఇబ్బంది లేదు.

జాబితాలో మనవాళ్లు ఎక్కడ?

చాలావరకు లేరు. క్లయింట్ దగ్గర కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లను క్లయింట్ తన ఉద్యోగులుగా లెక్కపెట్టడు. ప్రాజెక్టు ఆగిపోతే ముందు పోయేది వాళ్లే. వాళ్ల కన్సల్టెన్సీలో మొత్తం 40 మంది ఉంటే నోటీసు ప్రశ్నే రాదు. ఫుల్‌టైమ్ వాళ్లకు నోటీసు వచ్చేనాటికి కాంట్రాక్టర్లు ఖాళీ చేసి ఒకటి రెండు నెలలు అయి ఉంటుంది. టెక్ వరుసలో సంఖ్య ప్రశాంతంగా ఉన్నా మీ చుట్టూ బెంచ్ మీదున్న (ప్రాజెక్టు లేక ఖాళీగా ఉన్న) స్నేహితులు పెరుగుతుంటే మీ కళ్లనే నమ్మండి. ఈ లోటును కొంతైనా పూడ్చాలంటే రాష్ట్ర ఉద్యోగాల నెలవారీ నివేదికలో రెండు వరుసలు చూడండి: కంప్యూటర్ సర్వీసులు, తాత్కాలిక సిబ్బంది ఏజెన్సీలు. ఇవి లేఆఫ్‌లను చూపించవు, మొత్తం ఉద్యోగాలు తగ్గాయా పెరిగాయా అన్నదే చూపిస్తాయి. అయినా కాంట్రాక్ట్ మార్కెట్ నాడి అక్కడే దొరుకుతుంది. తర్వాత సవరణలొస్తాయి కాబట్టి ఒక్క నెల అంకె మీద నిర్ణయాలు తీసుకోకండి.

హెచ్-1బి వర్క్ వీసా మీద ఉన్నవాళ్లకు తేదీల సంగతి ఇంకోసారి. ఉద్యోగం పోయాక దేశంలో ఉండనిచ్చే గ్రేస్ పీరియడ్, గరిష్ఠంగా 60 రోజులు, 2017 జనవరి నుంచి అమల్లో ఉంది. వార్న్ నోటీసులోనూ 60 రోజులే ఉండటంతో రెండూ ఒకటే అనుకుని టెన్షన్ పడేవాళ్లను చూశాను. ఇవి వేరు. ఉద్యోగం ముగిసిన మర్నాటి నుంచి గ్రేస్ పీరియడ్ మొదలవుతుంది. ముగిసిన రోజును సాధారణంగా జీతం చెల్లించిన ఆఖరి రోజును బట్టి చూస్తారని ఇమిగ్రేషన్ శాఖే చెప్పింది. సెవరెన్స్ మొత్తం ఆ రోజును పొడిగించదు. ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు అంతకంటే ముందే అయిపోతే గ్రేస్ కూడా అక్కడితో ఆగుతుంది. నోటీసు అందిన రోజే లాయర్‌ను అడిగి, ఆ ఆఖరి రోజు ఏదో కాగితం మీద రాయించుకోండి.

నెలవారీ పని

నేను ప్రతి నెలా 10వ తేదీ తర్వాత కూర్చుంటాను. కిందటి నెలాఖరు నోటీసులు జాబితాలోకి ఎక్కడానికి ఆ మాత్రం సమయం ఇవ్వాలి. 2వ తేదీనే చూస్తే ఆఖరి నెల ఎప్పుడూ తక్కువగా కనిపించి, తగ్గుముఖం పట్టిందని మోసపోతాం. కొత్త వరుసలు అతికించి, కోడ్‌లు వేసి, పివట్ రిఫ్రెష్ చేసి, కిందటి నెల తీసిన అంకెలను కూడా మళ్లీ చూస్తాను. ఆలస్యంగా వచ్చినవాటి వల్ల అవి మారి ఉంటాయి. ఎంత మారాయో ఒక మూల రాసుకుంటాను. ఆరు నెలలు అలా రాసుకుంటే, మొదటిసారి కనిపించిన అంకెకు సగటున ఎంత కలుపుకోవాలో మీకే తెలుస్తుంది.

ఆ తర్వాత లేఆఫ్ తేదీ పట్టికలో రాబోయే రెండు నెలల వరుసలు తీస్తాను. ఇప్పటికే నోటీసు అయ్యి, ఇంకా ఆఖరి రోజు రానివాళ్లు అందులో ఉంటారు. మా మెట్రోలో, మా రంగంలో ఆ సంఖ్య పెద్దదిగా ఉంటే, మారాలనుకుంటున్న స్నేహితులకు ఆ తేదీ కంటే ముందే అప్లికేషన్లు వేయమని మెసేజ్ పెడతాను.